శుక్రవారం సెమినార్



షెల్బీ కల్లమ్ డేవిస్ అని అమెరికాలో ఒక ధనవంతుడుండేవాడు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుకుని 1930లో పట్టా తీసుకున్నాడు. 1947లో భార్య తరపు సొమ్ము ఓ 50,000 డాలర్లు పెట్టి బీమా కంపెనీల షేర్లు కొనడం మొదలుపెట్టాడు. 1994లో పోయేనాటికి అది దాదాపు 90 కోట్ల డాలర్లయింది. పైసా విలువ బాగా తెలిసిన మనిషి. మనవడు హాట్‌డాగ్ కొనుక్కుంటానని ఒక డాలరు అడిగితే ఇవ్వలేదట. ఈ డాలరును సరిగ్గా మదుపు పెడితే నువ్వు పెద్దవాడివయ్యేసరికి వెయ్యి డాలర్లవుతుందని లెక్క చెప్పి పంపాడని ఆ కుటుంబం గురించి రాసినవాళ్లు చెప్తారు.

అంత పిసినారి, పైసా లాభం తిరిగిరాని ఒక పనికి మాత్రం ధారాళంగా ఇచ్చాడు. ఆ పని చరిత్ర పరిశోధన. తాను చదువుకున్న ప్రిన్స్‌టన్‌కు ఆయన ఇచ్చిన విరాళంతో 1968లో అక్కడి చరిత్ర శాఖలో ఒక అధ్యయన కేంద్రం వెలిసింది. డేవిస్ సెంటర్ అంటారు. న్యూజెర్సీలో ఉన్న ఆ కేంద్రం గోల మనకెందుకని అడగవచ్చు. చరిత్ర పరిశోధనకు డబ్బెందుకు, ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చుపెడితే మంచి పుస్తకాలు వస్తాయి అన్న ప్రశ్న మనకూ ఉంది కదా. దానికి అక్కడివాళ్లు ఒక జవాబు చెప్పారు. ఆ జవాబు నాకు నచ్చింది, అందులో కొంత నచ్చలేదు కూడా.

ముందు డబ్బు సంగతి. రసాయనశాస్త్రంలో పరిశోధన అంటే పరికరాలు కావాలి, రసాయనాలు కావాలి, ఖర్చు కంటికి కనిపిస్తుంది. చరిత్రకేముంది, కాగితం, కలం చాలవా అంటారు చాలామంది. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబుల కాలంలో దక్కన్‌లో మొగలు అధికారులు రాసుకున్న కాగితాలు లక్షన్నరకు పైగా అక్కడున్నాయి. జాగీర్ల లెక్కలు, సిపాయిల హాజరు, గుర్రాల తనిఖీ, ఇలాంటివి. అన్నీ పారశీకంలో ఉంటాయి. అదీ మామూలు లిపి కాదు, షికస్తా అనే గొలుసుకట్టు రాత. రాసినవాడు తొందరలో చుక్కలు వదిలేస్తాడు, అక్షరాన్ని అక్షరంతో కలిపేస్తాడు. ఆ చుక్కలు ఎక్కడుండాలో చదివేవాడే ఊహించుకోవాలి. ఖమ్మం నుంచో కర్నూలు నుంచో వచ్చి చరిత్రలో ఎం.ఏ. చేసిన పిల్లవాడు ఆ కాగితం ముందు కూర్చున్నాడనుకోండి. ముందు పారశీకం నేర్చుకోవాలి. తర్వాత ఆ రాతకు కన్ను అలవాటు పడాలి. ఎంత తెలివైనవాడికైనా రెండేళ్లు అలా గడిచిపోతాయి. ఆ రెండేళ్లలో అతను అచ్చుకిచ్చేది ఏమీ ఉండదు. కానీ మెస్ బిల్లు ప్రతి నెలా వస్తుంది. ఇంటి దగ్గర తమ్ముడికి ఫీజు కట్టాలి.

ఫెలోషిప్పు కొనేది ఆ కాలాన్నే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. వచ్చినవాడికి అది పెద్ద అండే. సమయానికి చేతికందితే ఇంకా పెద్ద అండ. రానివాళ్లు ఏదో ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారాలు థీసిస్ రాసుకుంటూ ఉంటారు. ఆర్కైవ్స్ ఆదివారం తెరవరన్నది వేరే చెప్పక్కర్లేదు.

అయితే డేవిస్ సెంటర్ గొప్పదనం ఫెలోషిప్పులు ఇవ్వడంలోనే ఉందని నేననుకోను. డబ్బిచ్చే సంస్థలు అమెరికాలో చాలా ఉన్నాయి. డబ్బుతోపాటు అది ఇంకొకటి ఇచ్చింది. దాన్ని చెప్పాలంటే లారెన్స్ స్టోన్ గురించి చెప్పాలి.

స్టోన్ ఇంగ్లండువాడు. 1919లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశాడు. 1948లో ఒక వ్యాసం అచ్చువేశాడు. మొదటి ఎలిజబెత్ రాణి కాలం చివర్లో ఇంగ్లండు ప్రభు కుటుంబాలు అప్పుల్లో మునిగి చితికిపోయాయన్నది దాని సారాంశం. అప్పటి రుణపత్రాలు తిరగేసి, ఎవరు ఎంత బాకీ పడ్డారో కూడి చూపించాడు. అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి. అందరూ ఔరా అన్నారు.

1951లో హ్యూ ట్రెవర్-రోపర్ అదే పత్రాలు ముందేసుకుని జవాబు రాశాడు. ఆయనా ఆక్స్‌ఫర్డ్ చరిత్రకారుడే. పత్రం మీద ఉన్న అంకె తీసుకున్న అప్పు కాదు మహాశయా, గడువులోగా తీర్చకపోతే కట్టాల్సిన మొత్తం అన్నాడు. మామూలుగా అది తీసుకున్నదానికి రెట్టింపు ఉండేది. మన పల్లెల్లో షావుకారు చేతిలో యాభై వేలు పెట్టి ప్రాంసరీ నోటు మీద లక్ష రాయించుకోవడం లాంటిదే ఇది. నోటు చూసి వీడికి లక్ష బాకీ అని రాసుకుంటే ఎంత తప్పో, స్టోన్ చేసిందీ అంత తప్పే. ట్రెవర్-రోపర్ ఆ సంగతి మెత్తగా చెప్పే రకం కాదు. యువ చరిత్రకారుణ్ణి అచ్చులో ఉతికి ఆరేశాడు.

ఇంకొకరైతే ఆ రంగం వదిలేసి వేరే శతాబ్దానికి పోయేవారు. స్టోన్ పోలేదు. మళ్లీ పత్రాల దగ్గరికెళ్లాడు. ప్రభువుల ఇళ్లలో మిగిలిన జమాఖర్చులు, వీలునామాలు, పెళ్లి ఒప్పందాలు ఏళ్ల తరబడి చదివాడు. 1965లో ‘ద క్రైసిస్ ఆఫ్ ది అరిస్టోక్రసీ’ వచ్చింది. ఎనిమిది వందల పేజీలు దాటిన పుస్తకం. ఆ కాలం గురించి రాసేవాళ్లెవరూ దాన్ని పక్కనపెట్టి రాయలేని పరిస్థితి వచ్చింది. అప్పటికే, 1963లో, ఆయన ప్రిన్స్‌టన్‌కు వచ్చేశాడు. 1968లో డేవిస్ సెంటర్ పెట్టినప్పుడు మొదటి డైరెక్టరు ఆయనే. 1990 దాకా, ఇరవై రెండేళ్లు, ఆయనే నడిపాడు.

ఆయన పెట్టిన పద్ధతి చాలా తేలిక. ఒక అంశం ఎంచుకుంటారు, మామూలుగా రెండేళ్లు దాని మీదే పని. ఆ అంశం మీద పనిచేస్తున్న చరిత్రకారులను ఎక్కడెక్కడి నుంచో పిలిచి ఒక సెమిస్టరుకో, ఏడాదికో ఫెలోషిప్ ఇస్తారు. వాళ్లు ప్రిన్స్‌టన్‌లోనే కాపురముండాలి. అక్కడి లైబ్రరీలో కూర్చుని తమ పుస్తకం తాము రాసుకోవచ్చు. బదులుగా వాళ్లు చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటే, శుక్రవారం సెమినార్‌కు రావడం. ఉదయం అక్కడి డికిన్సన్ హాలులో మొదలవుతుంది. ఎవరి పేపరు ఆ వారం చర్చకు వస్తుందో అది ముందే అందరికీ పంచేస్తారు. సెమినార్‌లో దాన్ని చదవడం ఉండదు. అందరూ చదివే వచ్చారన్న లెక్కలోనే కూర్చుంటారు. ప్రొఫెసర్లు, వచ్చిన ఫెలోలు, పీహెచ్‌డీ విద్యార్థులు, అందరూ ఒకచోటే. ఇక రెండు గంటలసేపు ఆ పేపరును విప్పి చూస్తారు. ఈ ఆధారం ఈ మాట మోయగలదా? ఈ అంకె ఎక్కడిది? ఆ ఊరి లెక్క చూశావు, పక్క ఊరిది ఎందుకు చూడలేదు?

స్టోన్ మాట్లాడటం మొదలుపెడితే పేపరు రాసినవాడికి చెమటలు పట్టేవని పేరు. ఆ సెమినార్‌లో పేపరు పెట్టడమంటే యుద్ధానికి వెళ్లినట్టేనని కథలు కథలుగా చెప్పుకునేవారు. ఇక్కడే నాకు కొంత అభ్యంతరం. గొంతు పెద్దదైనవాడిదే పైచేయి అయ్యే ప్రమాదం ఇలాంటి చోట ఎప్పుడూ ఉంటుంది. కొత్తగా వచ్చిన విద్యార్థి తన అనుమానం సరైనదే అయినా నోరు విప్పలేక కూర్చుండిపోవచ్చు. కటువుగా మాట్లాడటమే లోతుగా ఆలోచించడమనే భ్రమ విశ్వవిద్యాలయాల్లో అంత తొందరగా పోదు. అయినా, ఆ పద్ధతిలోని అసలు సూత్రాన్ని మాత్రం కాదనలేను. ఎవరైనా తప్పు పట్టుకునేదుంటే పుస్తకం అచ్చుకాకముందే పట్టుకోవాలి. 1951లో తాను నలుగురి ముందు తిన్న దెబ్బ ఇంకొకరికి నాలుగు గోడల మధ్యే తగలాలని స్టోన్ కోరుకున్నాడేమో. ఇది నా ఊహ మాత్రమే.

డేవిస్ సెంటర్ మొదట ఎంచుకున్న అంశం విద్యా చరిత్ర. దాని ఫలితంగా 1974లో ‘ద యూనివర్సిటీ ఇన్ సొసైటీ’ రెండు సంపుటాలుగా వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో మూడు శతాబ్దాలకు పైగా ఎవరెవరు చేరారో స్టోన్ లెక్కలు తీశాడు. 17వ శతాబ్దం మొదట్లో కిక్కిరిసిన కాలేజీలు 18వ శతాబ్దానికి బోసిపోయాయని ఆ లెక్కల్లో తేలింది. చదువుకునేవాళ్ల సంఖ్య ఎప్పుడూ పెరుగుతూనే పోతుందని మనం అనుకుంటాం. అలా ఏమీ లేదు.

లెక్కల మీద అంత మోజున్న మనిషి 1979లో ఇంకో వ్యాసం రాశాడు. చరిత్రకారులు మళ్లీ కథ చెప్పడానికి వస్తున్నారు, అంకెలు ఇస్తామన్నవన్నీ ఇవ్వలేకపోయాయి అని. తన పాత దారిని తానే ప్రశ్నించుకున్నాడు. దానికి ఏడాది ముందే, 1978లో, కథ చెప్పడంలో దిట్ట అయిన ఒకావిడ ప్రిన్స్‌టన్‌కు వచ్చింది. నటాలీ జీమన్ డేవిస్. విరాళమిచ్చిన డేవిస్‌కూ ఈమెకూ చుట్టరికమేమీ లేదు.

ఈమె కథ కొంచెం వివరంగా చెప్పాలి. పీహెచ్‌డీ విద్యార్థిగా ఫ్రాన్సులో లియాన్ నగరపు అచ్చు కార్మికుల మీద పనిచేసింది. 16వ శతాబ్దంలో వాళ్లు ప్రొటెస్టెంట్ మతం వైపు ఎందుకు వెళ్లారన్నది ఆమె ప్రశ్న. 1952లో అక్కడి ఆర్కైవ్స్‌లో కొన్నాళ్లు గడిపి అమెరికా తిరిగొచ్చింది. ఆ రోజుల్లో అమెరికాలో కమ్యూనిస్టుల వేట నడుస్తోంది. ఆ వేట నడిపే విచారణ కమిటీని విమర్శించిన ఓ కరపత్రంలో ఆమె చెయ్యుంది. తిరిగొచ్చిన కొద్ది కాలానికే ప్రభుత్వం వచ్చి భార్యాభర్తలిద్దరి పాస్‌పోర్టులూ పట్టుకుపోయింది. భర్త చాండ్లర్ డేవిస్ గణితశాస్త్రజ్ఞుడు. కమిటీ ప్రశ్నలకు జవాబు చెప్పనన్నందుకు ఉద్యోగం పోయింది, తర్వాత జైలుకూ వెళ్లాడు. 1960 దాకా ఆమెకు పాస్‌పోర్టు తిరిగి రాలేదు.

థీసిస్ సగంలో ఉంది. కాగితాలు సముద్రానికి అవతల ఉన్నాయి. చేతిలో పసిపిల్లలు. ఆమె ఏం చేసిందంటే, 16వ శతాబ్దంలో లియాన్‌లో అచ్చయిన పుస్తకాలు అమెరికా లైబ్రరీల్లో ఎక్కడెక్కడున్నాయో వెతికింది. అచ్చు కార్మికుల గురించి పోలీసు రికార్డు దొరక్కపోతేనేం, వాళ్ల చేతులు అచ్చువేసిన పుస్తకాలున్నాయి కదా. వాటి ముందుమాటలు, అంకితాలు, బొమ్మలు, అంచుల్లో ఎవరో గీసిన గీతలు చదవడం మొదలుపెట్టింది. ఆర్కైవ్స్ తలుపు మూసుకుపోతేనే ఆమెకు పుస్తకాన్ని ఒక వస్తువుగా చూడటం అలవాటైంది. కష్టం మంచికే వచ్చిందని నేననను. ఎనిమిదేళ్లు పోయాయి. పరిశోధనకు ప్రయాణం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనే ఇదంతా చెప్తున్నాను.

1983లో ఆమె ‘ద రిటర్న్ ఆఫ్ మార్టిన్ గెర్’ రాసింది. ఫ్రాన్సులో ఆర్తిగా అనే పల్లె. మార్టిన్ అనే రైతు పెళ్లాన్ని, కొడుకును వదిలి పారిపోతాడు. ఏళ్ల తర్వాత ఒకడు వచ్చి నేనే మార్టిన్‌నంటాడు. భార్య ఒప్పుకుంటుంది, ఊరు ఒప్పుకుంటుంది. కాపురం సాగుతుంది. ఆస్తి తగాదా వచ్చి మాట కోర్టుకెక్కుతుంది. 1560లో తూలూజ్ కోర్టు వచ్చినవాడి మాటే నమ్మేలా ఉండగా, కొయ్యకాలితో అసలు మార్టిన్ గుమ్మంలో నిలబడతాడు. భార్య నిజంగా మోసపోయిందా, తెలిసే ఊరుకుందా? తెలిసే ఊరుకుందని, ఇద్దరూ కలిసి ఒక సంసారాన్ని కల్పించుకున్నారని నటాలీ అంది. అంత మాట అనడానికి ఆధారమెక్కడుందని 1988లో ఇంకో చరిత్రకారుడు నిలదీశాడు. ఆమె అంతే గట్టిగా జవాబిచ్చింది. ఆ వాదం చరిత్ర విద్యార్థులకు ఇవాళ్టికీ పాఠమే. నా మట్టుకు నేను నటాలీ పక్షమే అయినా, నిలదీసినవాడి ప్రశ్న వేయాల్సిన ప్రశ్నే.

1990లో స్టోన్ తర్వాత ఆమె డేవిస్ సెంటర్ డైరెక్టరయింది. ఇక్కడ తమాషా చూడండి. విరాళమిచ్చిన షెల్బీ డేవిస్ గట్టి మితవాది. ప్రిన్స్‌టన్‌లో ఆడపిల్లలను 1969లో చేర్చుకోవడం మొదలుపెడితే ఆయనకు మింగుడుపడలేదు. 1972లో పాత విద్యార్థులతో కలిసి ఒక సంఘం పెట్టాడు. విశ్వవిద్యాలయం తీరు చెడిపోతోందని ఆ సంఘం కొన్నేళ్లు పోరింది. అలాంటి ఆయన పేరు మీదున్న కేంద్రాన్ని, ఆయన బతికుండగానే, ఒక మహిళ నడిపింది. అదీ ఒకప్పుడు వామపక్షమని పాస్‌పోర్టు పోగొట్టుకున్న మహిళ. ఇచ్చిన డబ్బుకు తాడు కట్టి ఉంటే ఇది జరిగేది కాదు. మన దగ్గర విరాళమిచ్చి భవనానికి పేరు పెట్టించుకునేవాళ్లు, లోపల ఎవరు కూర్చోవాలో కూడా చెప్పకుండా ఉంటే ఎంత బాగుండు.

షెల్బీ డేవిస్ భార్య కేథరిన్ గురించీ ఒక మాట. ఆవిడ 50,000 డాలర్లతోనే కదా ఆ సంపద మొదలైంది. ఆవిడ జెనీవాలో డాక్టరేట్ చేసింది. 2007లో నూరేళ్లు నిండిన సందర్భంలో, శాంతి కోసం విద్యార్థులు తామే తలపెట్టే నూరు పనులకు ఒక్కోదానికి 10,000 డాలర్లు, మొత్తం 10 లక్షల డాలర్లు ఇచ్చింది. 2013లో 106 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ప్రొఫెసర్లకు కాకుండా కాలేజీ పిల్లలకే నేరుగా ఇవ్వడం నాకు నచ్చింది.

నటాలీ హయాంలో వలస పాలన మీద జరిగిన సెమినార్ల నుంచి 1995లో ‘ఆఫ్టర్ కలోనియలిజం’ అనే సంకలనం వచ్చింది. సంపాదకుడు జ్ఞాన్ ప్రకాశ్, దక్షిణ బిహార్ వెట్టి కూలీల మీద మొదటి పుస్తకం రాసిన చరిత్రకారుడు. తర్వాత ఆయనే డేవిస్ సెంటర్ డైరెక్టరయ్యాడు. నగరాల మీద సెమినార్లు నడిపించాడు. బొంబాయి మీద ఆయన రాసిన పుస్తకం నుంచే ‘బాంబే వెల్వెట్’ సినిమా పుట్టింది. సినిమా ఆడలేదనుకోండి, పుస్తకం మాత్రం మంచిది.

జ్ఞాన్ ప్రకాశ్, అణగారినవాళ్ల వైపు నుంచి చరిత్ర రాసిన సబాల్టర్న్ స్టడీస్ బృందంలోని మనిషి. ఆ బృందం మొదటి సంపుటం 1982లో వచ్చింది. అందులోనే మన మన్యం ఉంది. 1839 నుంచి 1924 వరకు గూడెం, రంప కొండల్లో జరిగిన ఫితూరీల, అంటే తిరుగుబాట్ల మీద డేవిడ్ ఆర్నాల్డ్ వ్యాసం అది. అల్లూరి సీతారామరాజు ఒక్కడే కాదు, ఆయనకు ముందు ఎనభై ఏళ్లకు పైగా ఆ కొండలు ఎందుకు రగులుతూ వచ్చాయన్నది అక్కడి ప్రశ్న. ముఠాదారులనే కొండ పెత్తందార్ల హక్కులు, పోడు మీద ఆంక్షలు, కల్లు మీద పన్ను, ఇవన్నీ ఆ ప్రశ్న వెంట వస్తాయి.

ఇవాళ చింతపల్లి నుంచో పాడేరు నుంచో ఒక గిరిజన విద్యార్థిని ఆ ఫితూరీల మీదే కొత్తగా పనిచేద్దామనుకుంటే ఏం కావాలి? కొండల్లో పెద్దవాళ్లు చెప్పే కథలు ఆమెకు ఇంట్లోనే దొరుకుతాయి. ఆ సంపద ఆర్నాల్డ్‌కు లేదు. కానీ మద్రాసు ప్రెసిడెన్సీ ఫైళ్లు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇండియా ఆఫీసు రికార్డులు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మానవీయ శాస్త్రాల జేఆర్ఎఫ్‌లో మొదటి రెండేళ్లు కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల) కింద ఏడాదికి ఇచ్చేది 10,000 రూపాయలు. చెన్నైలో లాడ్జికి ఎన్ని రోజులొస్తుందో మీరే లెక్కేసుకోండి. లండన్ మాట ఎత్తను.

పోనీ ఆమె తిప్పలుపడి వెళ్లొచ్చింది, ఓ అధ్యాయం రాసింది. దాన్ని ఎవరు చదువుతారు? మన విశ్వవిద్యాలయాల్లో జాతీయ సదస్సు ఎలా జరుగుతుందో శ్రోతల్లో చాలామందికి తెలుసు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, పుష్పగుచ్ఛాలు, ముఖ్య అతిథి ప్రసంగం అయ్యేసరికి భోజనాల వేళవుతుంది. మధ్యాహ్నం పేపర్లు మొదలవుతాయి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. చదువుతుండగానే ముగించమని చీటీ వస్తుంది. చర్చకు సమయం లేదు, టీ దగ్గర మాట్లాడుకోండి అంటారు. సర్టిఫికెట్లు మాత్రం అందరికీ అందుతాయి. మూడేళ్ల శ్రమను ఒక్కరైనా ముందు చదివి వచ్చి ఒక ప్రశ్న అడిగిన పాపాన పోరు. ఆ ప్రశ్న చివరికి వైవాలో ఎదురవుతుంది, లేదా ఎన్నటికీ ఎదురుకాదు. రెండోదే ఎక్కువ.

డేవిస్ సెంటర్ లాంటి విరాళం మనకు రాకపోవచ్చు. కానీ అక్కడి పద్ధతిలో కోట్లు అక్కర్లేని భాగమూ ఉంది. సోమవారానికి అధ్యాయం అందరి ఫోన్లకూ వాట్సాప్‌లో పంపవచ్చు. శుక్రవారం శాఖ గదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకోవచ్చు. చదవడం, శాలువా రెండూ ఉండవని ముందే చెప్పేయవచ్చు. స్టోన్ చేసినట్టు పెద్దవాళ్లు మొదలుపెట్టకుండా, మొదటి అరగంట విద్యార్థులకే వదిలేయాలని నేను ఒక సవరణ సూచిస్తాను. పక్క శాఖ నుంచి, తెలుగు నుంచో ఆంత్రోపాలజీ నుంచో ఒకరిద్దరిని పిలవాలి. చరిత్రవాళ్లం మాకు తెలిసిందేలే అని వదిలేసే మాట దగ్గర వాళ్లు ఆగి అడుగుతారు.

ఇంకో నియమం కూడా అవసరం. ఆ రెండు గంటలూ గైడు నోరు మెదపకూడదు. విద్యార్థి తరఫున జవాబు చెప్పకూడదు, ప్రశ్న అడిగినవాడి వంక గుర్రుగా చూడకూడదు. ఈ చివరిదాన్ని మా తోటి ప్రొఫెసర్లతో ఒప్పించడం కంటే బీమా షేర్లు కొని 90 కోట్ల డాలర్లు సంపాదించడమే తేలికని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. అయినా అడుగుతూనే ఉన్నాను.